కొండమీద కాస్త కూర్చొనండి: సటీకా తాత్పర్యము

మూలము

ఆ.వె.
ఆదివారమండి! అరకు పోయొద్దాము
పొద్దు పొడవగానె పోయి రాత్రి
కింటికొచ్చి పడగ గింజుకోనేలండి
కొండమీద కాస్త కూర్చొనండి

అవతారిక

శనివారం రాత్రి వంటగది గట్టు తుడిచి, తడిగుడ్డ పిండి కిటికీ ఊచకు ఆరేసి, చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చిన గృహిణి, సోఫాలో వాలి ఫోను చూస్తున్న గృహస్థుతో అన్న మాట ఇది. మాటలు ఆవిడవి. యతులూ గణాలూ మాత్రం వ్యాఖ్యాత కిట్టించినవి. ఆవిడ వచనంలోనే అంది. కానీ ఇల్లాలు ఒకే మాటను ప్రతి శనివారం అంటూ పోతే అది దానంతటదే ఛందస్సులో పడుతుంది.

వెనకటి వావిళ్ళవారి ప్రతులు చూసినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. పైన పెద్దక్షరాల్లో నాలుగు పాదాల పద్యం, దాని కింద చిన్నక్షరాల్లో టీక, తాత్పర్యం, విశేషాలు పేజీ నిండా. మూలం పిడికెడు, వ్యాఖ్యానం బస్తాడు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మన మెదకు సీమ కొలాచలం మల్లినాథసూరి మాత్రం మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ముందే ఒట్టు పెట్టుకున్నాడు. ఆయన మహానుభావుడు, ఆయనకు చెల్లింది. ఈ వ్యాఖ్యాత అలాంటి ఒట్టు పెట్టుకోడు. గృహిణి మాటల్లో ఉన్నదానికన్నా లేనిదే ఎక్కువ. లేనిది రాయకపోతే ఇక్కడ వ్యాఖ్యానమే లేదు.

పూర్వకవి ప్రయోగము

పొద్దున వెళ్ళి ఆ పూటకే తిరిగొచ్చే కొండ ప్రయాణానికి తెలుగులో ప్రమాణగ్రంథం అల్లసాని పెద్దన మనుచరిత్ర. ప్రవరుడు సిద్ధుడిచ్చిన పసరు కాళ్ళకు రాసుకుని హిమాలయానికి వెళ్ళాడు. చూడవలసినంత చూసి, వేళకు ఇల్లు చేరాలన్నది ఆయన ఏర్పాటు. మంచుకు పసరు కరిగిపోయింది. దారి తెలియక తిరుగుతుంటే వరూధిని కనిపించింది. తరువాతి కథ బడిపిల్లలకు కూడా తెలుసు.

ఈ ఘట్టంలో పండితులు పెద్దన వర్ణనను పొగిడారు, ప్రవరుడి నిష్ఠను పొగిడారు. ప్రయాణపు ఏర్పాట్లను విమర్శించినవారు మాత్రం కనబడరు. అందులో లోపాలు రెండు. మొదటిది, తిరుగు టికెట్టు తడిస్తే చెరిగిపోయే రకం. రెండోది, వెంట ఇల్లాలు లేదు. ఆవిడే ఉంటే ఆ పసరును ఇంకో చిన్న సీసాలో కూడా పోసి, మూతకు ప్లాస్టిక్ కాగితం చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, సంచి అడుగున బట్టల మధ్య పెట్టి ఉండేది. వరూధినిని దారి అడిగేది కూడా ఆవిడే అయ్యేది. అలా జరిగితే ఆ కావ్యం ఎవరి చరిత్రో ఆ స్వారోచిష మనువు పుట్టేవాడు కాదు, కావ్యమూ ఉండేది కాదు, అది వేరే సంగతి. కొండకు పోయేటప్పుడు భార్యను వెంటబెట్టుకు పోవలెనన్న విధి ఈ కథవల్ల సిద్ధిస్తున్నది. మన మూలకర్త్రి ఈ పద్యం చెప్పడానికి హేతువు కూడా అదే అని కొందరు. ఆవిడ మనుచరిత్ర చదవలేదు గనుక ఆ వాదం నిలవదు.

ప్రతిపదార్థము

ఆదివారము = ఆఫీసు లేని దినము; అండి = ఓ భర్తా!

సెలవు ఎవరికన్నది మూలంలో లేదు. ఆదివారం గృహస్థుకు సెలవు. గృహిణికి అదే ఆదివారం ఇడ్లీకి బదులు పూరీ కూర, మధ్యాహ్నం పప్పుకు తోడు మాంసం, పదకొండింటికి ఒక కాఫీ, నాలుగింటికి ఇంకో కాఫీ, మధ్యలో ఎవరో ఒకరు చుట్టపుచూపుగా. కనుక ‘ఆదివారమండి’ అన్నది రోజు పేరు చెప్పడం కాదు, ఫిర్యాదు చేయడం అని ఒక వ్యాఖ్య ఉంది. సాధువే. విస్తరభీతిచేత ఇక్కడితో విడిచిపెడుతున్నాం.

అరకు = విశాఖపట్నానికి సుమారు 115 కిలోమీటర్ల దూరాన, తూర్పు కనుమల్లో, సముద్రమట్టానికి 900 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉన్న లోయ.

2022 ఏప్రిల్ దాకా విశాఖ జిల్లాలో ఉండేది. ఇప్పుడు పాడేరు కేంద్రంగా ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. జిల్లా మారింది గానీ చలి మారలేదు. వెయ్యి మీటర్లు పైకి పోతే ఆరు డిగ్రీలకు పైగా వేడి తగ్గుతుంది. సముద్రపు ఒడ్డున చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయే ఊరివాడికి ఆ ఆరు డిగ్రీలు ఆరు నెలల జీతం పెట్టు.

ఇక్కడ ఒక ఆక్షేపం. అరకు లోయ కదా, నాలుగో పాదంలో ‘కొండమీద’ అన్నది ఎలా పొసగుతుంది? సమాధానం: లోయ అంటే పల్లమనుకునేవాడికే ఈ సందేహం. ఆ లోయ అడుగు సింహాచలం గుడికన్నా, కైలాసగిరికన్నా చాలా ఎత్తున ఉంది. సముద్రమట్టాన కాపురముండేవారికి అదే కొండ.

పోయి + ఒద్దాము = వెళ్ళి తిరిగి వత్తము.

‘పోదాము’ అనక ‘పోయొద్దాము’ అనడంలో ఔచిత్యం ఉంది. తెలుగింట ‘పోతాను’ అని ఎవరూ గడప దాటరు, ‘వెళ్ళొస్తాను’ అనే దాటుతారు. అయితే పోవడం దేనిమీద అన్న చోట వ్యాఖ్యాతలు రెండు మతాలుగా చీలిపోయారు.

కారు మతానికి ఆద్యుడు మా బావమరిది. “బావా, శృంగవరపుకోట దాటితే గంటన్నర. మనిష్టం వచ్చిన చోట ఆగొచ్చు” అంటాడు. వినడానికి బాగానే ఉంటుంది. కోట దాటాక ఘాట్ రోడ్డులో కారు నడిపేవాడు చూసేది కొండలు కాదు, ముందున్న లారీ వెనక రాసిన అక్షరాలు. పక్క సీట్లో కూర్చున్నావిడ చూసేది లోయ కాదు, నడిపేవాడి చేతులు. ప్రతి మలుపులో ఆవిడ కుడికాలు లేని బ్రేకును నొక్కుతూ ఉంటుంది. అనంతగిరి దాటాక గాలికొండ వ్యూపాయింటు దగ్గర బండి ఆపితే అప్పటికే అక్కడ ఆపినవాళ్ళు ఊరంత మంది. కార్తికమాసం ఆదివారమైతే లోయను చూడడానికి వచ్చినవాళ్ళ వీపులు చూసి దిగిరావడమే. కనుక ఈ మతం ఖండితం.

రైలు మతమే మూలకర్త్రికి సమ్మతం. విశాఖలో ఏడు కాకముందే బయల్దేరే కిరండూల్ ప్యాసింజరు ఆవిడ ఉద్దేశించిన వాహనం. ఈ లైను సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఉన్న ఈ దారిని 1960లలో వేసింది యాత్రికుల కోసం కాదు. బైలడిల గనుల ముడి ఇనుమును విశాఖ రేవుకు చేర్చి జపానుకు పంపడం కోసం. కొండను తవ్వి ఎలుకను పట్టడమన్నది లోకంలో సామెత. రైల్వేవారు కొండను తవ్వి ఇనుమును పట్టుకొచ్చారు. ఇప్పటికీ ఆ దారిలో మర్యాదంతా ముడి ఇనుము గూడ్సుదే. ఎదురుగా గూడ్సు వస్తుందంటే మన బండి ఏదో చిన్న స్టేషనులో పక్కకు తప్పుకుని నిలబడుతుంది. కారు మతంవారు దీన్ని దోషంగా ఎంచారు. కానీ అలా ఆగిన ఇరవై నిమిషాల్లోనే జామకాయలమ్మి ఎక్కుతుంది, ఉప్పూ కారం అద్దిన ముక్కలు చేతికొస్తాయి. దోషమే గుణమైన చోటు ఇది.

బొడ్డవర దాటాక బండి కొండ అందుకుంటుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ. ఒక్కో స్టేషనుకూ ఒక్కో మెట్టు. యాభైకి పైగా సొరంగాలు దారిపొడుగునా. శిమిలిగుడ 996 మీటర్ల ఎత్తున ఉంది. బ్రాడ్‌గేజిలో దేశంలోకెల్లా ఎత్తైన స్టేషను అన్న పేరు ఒకప్పుడు దీనిదే. కాశ్మీరంలో రైలు పడ్డాక పేరు పోయింది, ఎత్తు పోలేదు. 2017 నుంచి ఈ దారిలో అద్దాల పైకప్పు పెట్టె కూడా నడుస్తున్నది. ఆ టికెట్టు దొరికినవారు పుణ్యాత్ములు, వారి గురించి వ్యాఖ్య అనవసరం.

లోయ కుడివైపు కనిపిస్తుందని కొందరు, ఎడమవైపని కొందరు. ఈ వివాదం పెట్టెలో ప్రతి వరసలోనూ నడుస్తూనే ఉంటుంది. కిటికీ ఏ వైపు దొరికితే ఆ వైపే లోయ అని సిద్ధాంతం.

సొరంగ లక్షణము: బండి సొరంగంలో దూరగానే పిల్లలు అరుస్తారు. కొత్త దంపతులు మాట మానేస్తారు. పాత దంపతులు సంచి జిప్పు వేసి ఉందో లేదో తడిమి చూసుకుంటారు. దూరపు కొండలు నునుపు అని విని పెరిగినవాడికి ఆ సొరంగం గోడ చేతికందేంత దగ్గరగా, నల్లగా, గరుకుగా, ఊటనీళ్ళు కారుతూ కనిపిస్తుంది. ఆ రాయిలో చాలామటుకు ఖొండలైటు. కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీదుగానే శాస్త్రజ్ఞులు ఆ రాతికి ఆ పేరు పెట్టారు.

పొద్దు పొడవగానె = సూర్యోదయ సమయముననే.

ఇది గృహస్థు లేచే వేళ. గృహిణి లేచే వేళ మూలంలో చెప్పబడలేదు. ఈ చోట అధ్యాహారం చేసుకోవాలి. అధ్యాహారమంటే చెప్పకుండా వదిలేసిన మాటలను వ్యాఖ్యాత తెచ్చి పూరించడం. సాధారణంగా ఒకటి రెండు మాటలు తెస్తే సరిపోతుంది. ఇక్కడ తేవలసినవి ఇవి:

(నేను శనివారం రాత్రే చింతపండు నానబెట్టి, పులుసు తీసి, నూనె పైకి తేలేదాకా ఉడికించి దింపి, తెల్లవారుజామున లేచి అన్నం వార్చి, పళ్ళెంలో ఆరబోసి, పసుపూ ఉప్పూ కాస్త నూనె చల్లి, పల్లీలూ ఎండుమిరపకాయలూ ఇంగువా కరివేపాకూ పోపు పెట్టి, పులిహోర కలిపి, వేరే గిన్నెలో పెరుగన్నం కలిపి, అందులో పెరుగు తక్కువ పోసి పాలు ఎక్కువ పోసి, మధ్యాహ్నం మూత తీసేవేళకు పులవకుండా సరిగ్గా తోడుకునేటట్టు చూసి, స్టీలు క్యారేజీకి సర్ది, అరిటాకు ముక్కలు తుడిచి మడిచి, మీ శాలువా, నా శాలువా, నీళ్ళ సీసాలు, పాత పేపరు, దుప్పటి, వాంతుల బిళ్ళ, మీ బీపీ మాత్ర సంచిలో పెట్టి, పాలప్యాకెట్టు తీసుకోమని పక్కింటి పిన్నిగారికి చెప్పి, తులసికోటలో నీళ్ళు పోసి, గ్యాసు కట్టేసి) పొద్దు పొడవగానె పోయి.

గృహస్థు చేయవలసిన పని కూడా ఒకటి కలదు. తాళం వేశాక రెండుసార్లు లాగి చూచుట.

ఈ అధ్యాహారం మరీ పొడుగైందని, మల్లినాథుడు ఒప్పుకోడని ఎవరైనా అనవచ్చు. మల్లినాథుడి ఇంట్లో తద్దినపు వంట ఎవరు చేశారో ఆయన కూడా ఎక్కడా రాయలేదు.

రాత్రికి + ఇంటికి + ఒచ్చి + పడగ = రాత్రివేళకు గృహము చేరి పడుచుండగా.

‘చేరగ’ అనవచ్చు, ‘తిరిగి రాగ’ అనవచ్చు. ‘పడగ’ అనే ఎందుకంది? ఇంటికి ఎలా చేరతామో ఆవిడకు ముందే తెలుసు గనుక. ‘పడక’ అని పాఠాంతరం. రాత్రికి ఇంటికొచ్చి పడక వేసుకోవచ్చునని అర్థం. ఇది గృహస్థు కల్పించిన పాఠం గనుక అగ్రాహ్యం. ఆఫీసులో మా పక్క సీటాయన ‘పడగ’ అంటే పాముపడగ అని, కొండల్లో పాములుంటాయి కాబట్టి ఇది హెచ్చరిక అని చమత్కరించాడు. ఆయన పద్ధతి అంతే, సెలవు చీటీలో కూడా శ్లేష వెతుకుతాడు.

రాత్రికి ఇల్లు చేరడం ఈ పద్యానికి ఆయువుపట్టు. రెండు రోజులంటే మామగారి మందులు, పిల్లల ట్యూషను, సోమవారం వచ్చే పనిమనిషి, ఫ్రిజ్జులో మిగిలిన కూర, ఇన్నిటికీ సమాధానం చెప్పాలి. ఒక్క రోజంటే ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆవిడ అడిగింది విహారయాత్ర కాదు. ఇంటికి తెలియకుండా ఇంటినుంచి కొన్ని గంటలు.

గింజుకోనేలండి = పెనుగులాట యెందులకు?

ఆ పెనుగులాట ఎటువంటిదో ఊహించుకోమని పాఠకుడికే వదిలింది. అయినా వివరిస్తాం. “జనం ఉంటారేమో.” “సోమవారం రిపోర్టు ఇవ్వాలి.” “మోకాలు ఒకటి పట్టేస్తోంది.” “వానొస్తుందంటున్నారు.” “ఎండగా ఉంటుందంటున్నారు.” చివరి రెండూ ఒకే నోట, ఒకే ఊపిరిలో వచ్చినవి. ఇవన్నీ అయ్యాక బ్రహ్మాస్త్రం: “నీకెందుకే శ్రమ!” ఈ మాటలో కరుణరసం ఉన్నట్టు తోస్తుంది. అది రసం కాదు, రసాభాస.

‘పోయొద్దాము’లో కర్త ఇద్దరూ. ‘గింజుకోనేలండి’లో కర్త ఒక్కడే. వ్యాకరణం ఎవరినీ వెనకేసుకు రాదు.

కొండమీద = పైని చెప్పిన కొండమీద.

ఏ చోట? కారు మతంవారు అరకులో చూడవలసినవి ఒక జాబితా చేసి ఇస్తారు. పద్మాపురం తోట, రెండో ప్రపంచయుద్ధంలో సైనికులకు కూరగాయలు పండించడానికి వేసింది. గిరిజన మ్యూజియం. చాపరాయి, రాతి మీద పరచుకుని జారే నీళ్ళు. కటికి జలపాతం. తిరుగుదారిలో బొర్రా గుహలు. అవన్నీ చూడదగ్గవే, సందేహం లేదు. ఒకే పూటలో అన్నీ చూడడమే తగదు. ఆ జాబితాతో వెళ్ళిన దంపతులు సాయంత్రానికి ఒకరితో ఒకరు “దిగు, ఎక్కు, పద, టైమైంది” అన్న నాలుగు మాటలతోనే కాలక్షేపం చేసి ఉంటారు. వారి ఫోనులో ఫోటోలు ఉంటాయి. ప్రతి ఫోటోలోనూ ఆవిడ భుజాన సంచి ఉంటుంది.

బొర్రాకు లోపలికి దిగే ఓపిక లేకపోయినా ఒక సంగతి తెలుసుకోవాలి. ఆ సున్నపురాతి గుహల గుండా పోయే గోస్తనీ నది కిందికి దిగి తాటిపూడి జలాశయంలో నిలిచి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి నీళ్ళు విశాఖ నగరానికి తాగునీరు. రైలు కిటికీలోంచి లోయ అడుగున సన్నగా మెరిసే ఏటిపాయ చూపించి ఈ మాట చెబితే, మూలకర్త్రి కాసేపు చూసి, “అయితే పొద్దున్నే బిందె పెట్టుకుని కూర్చునేది దీనికోసమా!” అంది. ప్రకృతి వర్ణనల్లో ఇంత సూటి వాక్యం ప్రబంధాల్లో అరుదు.

నవంబరు, డిసెంబరుల్లో వెళితే పొలాల్లో వలిసెలు పూసి ఉంటాయి. లోయంతా పసుపు. తక్కిన కాలంలో కాఫీ తోటలు ఎలాగూ ఉన్నాయి. పొడుగాటి సిల్వర్ ఓకు చెట్లు, వాటిని పట్టుకుని పాకే మిరియపు తీగలు, ఆ నీడలో మనిషెత్తు కాఫీ మొక్కలు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది, పారిస్ నగరంలో అరకు పేరుతో కాఫీ కొట్టే ఉంది. రోడ్డు పక్క బండి దగ్గర ఆ కాఫీ ఇప్పించి, ఎలా ఉందని గృహస్థు అడిగాడు. రుచి గురించి నాలుగు మాటలు వస్తాయని ఆశించాడు. ఆవిడ రెండు చేతులతో గ్లాసు పట్టుకుని ఒక గుక్క తాగి, “బాగుందండీ, ఎవరో పెట్టి ఇచ్చారు” అంది.

ఈ వాక్యాన్ని గుర్తుంచుకోవాలి. నాలుగో పాదం చివరి మాటకు ఇదే తాళంచెవి.

ఇక బొంగులో చికెన్. పులిహోర తెచ్చుకున్నా ఇది తప్పదు. పచ్చి వెదురు బొంగును గణుపు దగ్గర కోసి, కారం, అల్లం వెల్లుల్లి, ఉప్పు పట్టించిన మాంసం లోపల కూరి, మూతికి ఆకు దోపి, నిప్పుల మీద ఏటవాలుగా పెట్టి తిప్పుతూ ఉంటారు. నూనె చుక్క ఉండదు. పచ్చబొంగు నల్లబడి, మూతి దగ్గర ఆవిరి బుసకొట్టాక తీసి, ఆకులో కుమ్మరిస్తారు. అమ్మే గిరిజన స్త్రీ కాళ్ళు మడిచి పొయ్యి ముందు కూర్చుని ఉంటే, మూలకర్త్రి ఆవిడతో మాట కలిపి, “ఎన్నింటికి లేస్తావమ్మా?” అని అడిగింది. మసాలా సంగతి తరవాత అడిగింది. పొయ్యి దగ్గరి మనిషిని పొయ్యి దగ్గరి మనిషే అడగగల ప్రశ్న అది.

శాకాహారులు ఈ భాగం వదిలి చదువుకొనవచ్చు.

కాస్త = కొంచెము.

ఈ కొంచెం ఎంత? మూలకర్త్రి ఇతర ప్రయోగాలను బట్టి నిర్ణయించాలి. “కాస్త ఆగండి, చీర కట్టుకుని వస్తున్నా” అన్నచోట అరగంట. “కాస్త సాయం పట్టండి” అన్నచోట ఇనప్పెట్టె. “ఇంకాస్త వేసుకోండి” అన్నచోట కంచం నిండా. కావున ‘కాస్త కూర్చొనండి’ అన్నప్పుడు రైలు దిగింది మొదలు తిరుగు రైలు వచ్చేదాకా అని గ్రహించునది.

కూర్చొనండి = ఉపవిష్టులు కండు.

వాచ్యార్థం ఇంతే. ఇంతటితో టీక ముగించినవారు ఉన్నారు. వారు పద్యం సగమే చదివారు. ఆనందవర్ధనుడు చెప్పినట్టు మాటలోంచి మాట కాని అర్థం ఒకటి ధ్వనిస్తూ ఉంటుంది, కావ్యానికి ప్రాణం అదే. ఇక్కడ ధ్వని ఏమిటి?

చూడండి, మూలంలో ‘చూడండి’ అని లేదు. ‘తిరుగుదాం’ అని లేదు. కొండకు పోదామంటూ మొదలుపెట్టిన పద్యం కొండ గురించి ఒక్క విశేషణం కూడా వాడదు. పచ్చనిది, చల్లనిది, ఎత్తైనది, ఏదీ లేదు. పద్యమంతా పరుగెత్తి పరుగెత్తి ఒక్క క్రియ దగ్గర చతికిలబడుతుంది. అదీ ఎవరిని కూర్చోమంటున్నది? భర్తను. ఇంట్లో ఆయన కూర్చునే ఉంటాడు కదా, ప్రత్యేకంగా కొండ మీదికి తీసుకుపోయి కూర్చోబెట్టడమెందుకు?

సమాధానం ఇది. ఇంట్లో ఆయన కూర్చుంటే ఆవిడ నిలబడాలి. కాఫీ అందించడానికి, కంచం పెట్టడానికి, కళ్ళజోడు వెతికిపెట్టడానికి. బయటికి పోతే ఆయన తిరుగుతాడు, ఆవిడ సంచి పట్టుకుని వెనక నడవాలి. ఆయన కూర్చోవాలి, ఆవిడ నిలబడే పని ఉండకూడదు. ఈ రెండూ ఒక్కసారి కుదిరే చోటు భూమ్మీద చాలా తక్కువ. కొండ మీద పొయ్యి లేదు. కాలింగ్ బెల్లు లేదు. ఆరేసిన బట్టలు లేవు. కాఫీ ఎవరో పెట్టి ఇస్తారు. ఆయన కదలకుండా ఒక చోట కూర్చుంటే, ఆ పక్కన ఆవిడ కూడా కూర్చోవచ్చు. ‘మీరు కూర్చొనండి’ అన్నది వాచ్యం. ‘నన్ను కూర్చోనివ్వండి’ అన్నది వ్యంగ్యం.

ఈ ధ్వనిని ఒప్పుకోని వ్యాఖ్యాతలు ఉన్నారు. ఆడవారికి షాపింగు ఇష్టమనీ, అరకులో వెదురు బుట్టలు, తేనె, కాఫీ పొడి కొనడమే అసలు ప్రయోజనమనీ ఒకరు. ఫోటోల కోసమని ఇంకొకరు. వారి ఇళ్ళల్లో వేరే పద్యం ఉండి ఉంటుంది.

తాత్పర్యము

ఓ భర్తా! రేపు నీకు సెలవు. అరకు వెళ్ళి వద్దాం. తెల్లవారగానే రైలెక్కి రాత్రికి ఇల్లు చేరతాం, కాబట్టి సాకులు చెప్పక్కర్లేదు. అక్కడ నువ్వు ఒక చోట కుదురుగా కూర్చుంటే నేనూ కూర్చుంటాను.

విశేషాలు

ఇందులో అలంకారం ఆక్షేపమని కొందరు, గృహిణి ఉన్నదున్నట్టు చెప్పింది గనుక స్వభావోక్తి అని కొందరు. స్వభావోక్తే సరి. ఛందస్సు ఆటవెలది. ఆవిడ ఆట ఆడలేదు, అలసింది, అయినా పేరు అదే. రసం శాంతమని నా అభిప్రాయం. భార్యాభర్తల పద్యం గనుక శృంగారమే కావాలని పట్టుబట్టేవారు పెళ్ళయి ఎన్నాళ్ళయిందో ముందు చెప్పాలి.

కూర్చున్నాక ఏం మాట్లాడాలన్న శంక కూడా ఒకటి ఉంది. ఏమీ అక్కర్లేదు. మేం వెళ్ళినప్పుడు ఓ చెట్టు కింద దుప్పటి పరుచుకుని పులిహోర తిన్నాక, ఆవిడ చెప్పులు విడిచి, కాళ్ళు బారజాపి, చెట్టుకు వీపు ఆనించింది. పిల్లల ఫీజు సంగతి ఒకసారి వచ్చింది, పోయింది. కరెంటు బిల్లు రాబోయి ఆగిపోయింది. పెరుగన్నం సరిగ్గా తోడుకుంది. గృహస్థు రెండుసార్లు లేవబోయాడు, చాపరాయి ఇక్కడికి దగ్గరేనంటూ. రెండుసార్లూ నాలుగో పాదం వినిపించింది.

ప్రయాణ విధి

వానలు వెనకబట్టాక, సంక్రాంతి లోపు వెళ్ళడం ఉత్తమం. ఆ రోజుల్లో ఆదివారం సీట్లు ముందే నిండిపోతాయి, వీలున్నవారు వారం మధ్యలో సెలవు పెట్టుకోవడం మేలు. తిరుగు బండి సాయంత్రం వస్తుంది గానీ, ముడి ఇనుము గూడ్సులకు దారిచ్చి రావాలి కాబట్టి చెప్పిన వేళకు వస్తుందని నమ్మకండి. నాలుగు అరటిపళ్ళు మిగిల్చి ఉంచుకోండి. సాయంత్రం చలి వేగంగా దిగుతుంది, శాలువాలు సంచి పైనే ఉండాలి.

చదువరుల్లో మగవారికి ఒక మనవి. పులిహోరకు పులుసు ఉడకడానికి అరగంటకు మించి పట్టదు. గుప్పెడు చింతపండు, రెండు గ్లాసుల వేడినీళ్ళు, చెంచాడు పసుపు, తగినంత ఉప్పు, కాస్త నూనె, నిలువునా చీల్చిన పచ్చిమిరపకాయలు. సన్నసెగ మీద నూనె తేలేదాకా కలుపుతూ ఉండాలి, అడుగంటనివ్వకూడదు. శనివారం రాత్రి ఆ గరిటె మీరు పట్టుకోండి.